ఇంగ్లండులో ఏడో నెల గర్భిణిగా ఉన్న మా అమ్మాయికి తిండి విషయంలో ఏం చెప్పాలి, ఏం పంపాలి?

ప్రశ్న: హనుమకొండ టీచర్

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి మూడేళ్ల కింద రిటైరయ్యాను. మా అమ్మాయి పెళ్లయి రెండేళ్ల కింద బర్మింగ్‌హామ్ వెళ్లింది. అల్లుడు ఉద్యోగానికి పోతే పొద్దుగూకే దాకా ఇంట్లో తానొక్కతే ఉంటుంది. ఇప్పుడు ఏడో నెల నడుస్తున్నది. పోయిన వారం అక్కడ పరీక్షలు చేసి, రక్తం తక్కువగా ఉన్నదని ఐరన్ మాత్రలు ఇచ్చారు. గర్భంతో వచ్చే షుగర్ ఉన్నదని వేలు గుచ్చి చూసుకునే మీటరు కూడా ఇచ్చి పంపారు. ఆ రిపోర్టును నాకు వాట్సాప్‌లో పెట్టింది. హీమోగ్లోబిన్ 102, షుగర్ పరగడుపున 4.9, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 8.1 అని ఉన్నది. మన దగ్గర హీమోగ్లోబిన్ పది, పదకొండు అంటారు కదా, 102 అంటే ఏమిటో, 8.1 ఉంటే షుగర్ అని ఎట్లా తేల్చారో నాకు అర్థం కాలేదు.

అంకెల కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆమె పళ్లెం. నిన్న వీడియోలో మాట్లాడుతూ, తింటున్నది చూపించు బిడ్డా అంటే మొదట వద్దన్నది, తర్వాత ఫోను తిప్పింది. కాల్చిన రెండు బ్రెడ్డు ముక్కలు, అంచుకు నేను పంపిన మామిడికాయ తొక్కు, ఒక కప్పు చాయ. మధ్యాహ్నపు తిండి అదేనట. "అన్నం తింటే షుగర్ పెరుగుతుందంటారు, పండు తింటే పెరుగుతుందంటారు, ఏం ముట్టాలన్నా భయమవుతున్నదమ్మా" అన్నది. ఫ్రిజ్ తెరిచి చూపించమన్నాను. ఆదివారం ఒక్కసారే వండి డబ్బాల్లో సర్దిన ఆలుగడ్డ కూర, కోడికూర వరుసగా ఉన్నాయి గాని ఆకుకూర ఒక్కటీ కనిపించలేదు. ఇక్కడ ఉన్నన్నాళ్లు పుంటికూర పప్పు లేకుండా వారం గడవని పిల్ల అది.

ఆస్పత్రి వాళ్లిచ్చిన ఆహారపు కాగితంలో ఓట్స్, పాస్తా, తొక్కతో కాల్చిన ఆలుగడ్డ, ముడిగోధుమ బ్రెడ్డు ఉన్నాయట. అన్నం, పప్పు తినేవాళ్లు ఏ పూట ఎంత తినాలో ఆ కాగితాన్ని బట్టి తేల్చుకోవడం ఆమె వల్ల కాలేదు. రక్తం పట్టడానికి మేక కార్జం తినమని నేను చెప్తే, అక్కడ గర్భిణులను, కాన్పులను చూసుకునే మిడ్‌వైఫ్ కార్జం అసలే వద్దన్నదట. మన ఇళ్లలో నీరసంగా ఉన్న గర్భిణికి పెద్దవాళ్లు మొదట చెప్పేది అదే కదా, ఇప్పుడు ఎవరి మాట వినాలి?

మా మరిది కొడుకు వచ్చే నెల అటే వెళ్తున్నాడు, పది కిలోల దాకా తీసుకుపోతానన్నాడు. తైదపిండి, నువ్వులపొడి, పల్లిపొడి, ఇంటి నెయ్యి, మటన్ తొక్కు, ఇక్కడ గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు సిద్ధం చేస్తున్నాను. కాన్పుకు నేను కూడా వెళ్తాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: పోషణ, కరీంనగర్

టీచర్ గారూ, నేను కరీంనగర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. అమ్మాయికి వైద్యం చేస్తున్నది అక్కడి వాళ్లు కాబట్టి వాళ్ల మాటే చివరి మాట. నేను చెప్పేది ఆ మాటను మన పళ్లెంలోకి తెచ్చుకోవడానికి మాత్రమే.

ముందుగా అంకెలు. ఇంగ్లండులో హీమోగ్లోబిన్‌ను లీటరు రక్తానికి లెక్కిస్తారు, మనం డెసిలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు లెక్కిస్తాం. కాబట్టి వాళ్ల 102 మన 10.2. గర్భం మొదట్లో 110, ఆరేడు నెలల్లో 105 కంటే తక్కువైతే అక్కడ రక్తహీనత అంటారు. అంటే అమ్మాయికి లోటు కొంచెమే, మాత్రలతో సర్దుకునేది. షుగర్ కొలతను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది: 4.9 అంటే 88, 8.1 అంటే సుమారు 146. రెండు గంటల తర్వాత 7.8, అంటే మన లెక్కలో 140, లేదా అంతకు మించితే అక్కడ గర్భధారణ మధుమేహంగా తీసుకుంటారు. పరగడుపు అంకె బాగున్నది. చాలామందికి తిండి మార్పుతోనే, నడకతోనే ఇది అదుపులోకి వస్తుంది, రాకపోతే మందులున్నాయి. అక్కడ సాధారణంగా పెట్టే లక్ష్యాలు పరగడుపున 5.3 లోపు, తిన్న గంటకు 7.8 లోపు. అమ్మాయికి వాళ్లు వేరే అంకెలు చెప్పి ఉంటే వాటినే పాటించాలి.

ఇప్పుడు ఆ పళ్లెం సంగతి. భయంతో అన్నం మానేసి రెండు బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకోవడం వల్ల ఆమెకు రెండు వైపులా నష్టం జరుగుతున్నది. తెల్ల బ్రెడ్డు కూడా అన్నంలాగే షుగర్‌ను పెంచుతుంది, పైగా అందులో పప్పు లేదు, కూర లేదు, గుడ్డు లేదు. అన్నం మానవలసిన పని లేదు, కొలత తెలిస్తే చాలు. ఉడికిన అన్నం సుమారు 150 గ్రాములు పెట్టుకుంటే అందులో 40 గ్రాముల చిల్లర పిండిపదార్థం ఉంటుంది. ఆ అన్నానికి సమంగా గట్టిపప్పు గాని, రెండు గుడ్ల కూర గాని, చికెన్ గాని ఉండాలి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక పది, పదిహేను నిమిషాలు ఇంట్లోనైనా నడవాలి. గంటకు మీటరులో చూసుకొని, 7.8 లోపు ఉంటే ఆ కొలత తనకు సరిపోయినట్టే. ఆ మీటరును శిక్షగా చూడవద్దని చెప్పండి. ఏ తిండి తనకు పడుతుందో ఏ కాగితం కంటే మీటరే బాగా చెప్తుంది.

తైదపిండి మంచిదే, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అయితే మెత్తటి పిండిని పలచగా అంబలి కాచి తాగితే షుగర్ తొందరగా పెరుగుతుంది. బెల్లం వేస్తే చెప్పనక్కరలేదు. రొట్టె చేసుకొని పప్పుతోనో, పెరుగుతోనో తింటే నయం.

ఐరన్ మాత్ర గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. తిండితో పాటు చాయ తాగే అలవాటు ఉన్నంత కాలం ఎంత మంచి ఆకుకూర తిన్నా అందులోని ఇనుము సగం వృథా అవుతుంది. చాయకు, భోజనానికి కనీసం గంట ఎడం ఉండాలి. మాత్రను పరగడుపున నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోవాలి, చక్కెర కలపవద్దు. అక్కడ నారింజ రసంతో వేసుకోమంటారు, కాని షుగర్ ఉన్నవాళ్లకు నిమ్మరసమే మేలు. పాలు, కాల్షియం మాత్ర ఆ సమయంలో వద్దు. మీరు పంపదలచిన ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, అక్కడ ఇచ్చే మాత్రలో కూడా దాదాపు అంతే ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే కడుపునొప్పి, మలబద్ధకం తప్ప అదనపు లాభం లేదు. పంపకండి. అట్లాగే ఇక్కడ వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి గుళికలు కూడా పంపకండి.

కార్జం విషయంలో మిడ్‌వైఫ్ మాటే సరి. మేక కార్జంలో ఇనుము నిజంగానే చాలా ఎక్కువ, మన పెద్దవాళ్లు చూసి తెలుసుకున్నది అదే. కాని అందులో విటమిన్ ఎ కూడా అంతే ఎక్కువగా ఉంటుంది. అది మితిమీరితే కడుపులోని బిడ్డకు హాని. అందుకే ఇంగ్లండులో గర్భిణులకు కార్జం పూర్తిగా మానమంటారు. మాంసం బాగా ఉడికించి తినవచ్చు.

జవాబు: జనగామ ఆడబిడ్డ, లెస్టర్

టీచరమ్మా, మీ రాత చదువుతుంటే నా మొదటి చలికాలం గుర్తుకొచ్చింది. నాది జనగామ దగ్గర పల్లె, ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడేది. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించాలంటే మనసు ఒప్పేది కాదు. ఫ్రీజర్‌లోని పరోటా కాల్చుకొని, తొక్కు అద్దుకొని, పెద్ద కప్పు చాయతో పూట గడిపేదాన్ని. ఇంటికి ఫోను చేసి ఏం తిన్నవంటే "పప్పన్నం" అని చెప్పేదాన్ని. మీ అమ్మాయి ఫోను తిప్పి చూపించింది, అది చాలా మంచి సంగతి, ఆమెను కోప్పడకండి.

మన ఊళ్లో ఆకుకూరల కోసం ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించరు. పొద్దున్నే గంప దించి పిలిచే అవ్వ ఉంటుంది, కట్ట తీసుకుంటాం, వండుతాం. ఎండ కోసం ఆలోచించం, బట్టలారేయడానికి మిద్దెక్కితే చాలు. ఉప్పు కోసం అసలే ఆలోచించం. ఇక్కడ ఈ మూడింటినీ పట్టుబట్టి సంపాదించుకోవాలని నాకు చెప్పినవాళ్లు లేరు, తెలిసేసరికి నాలుగేళ్లు గడిచాయి.

ఉప్పు అంటే నవ్వకండి. మన దేశంలో ఇంట్లో వాడే ఉప్పులో అయోడిన్ ఉండాలన్నది చట్టం. ఇంగ్లండులో సూపర్‌మార్కెట్లలో దొరికే మామూలు ఉప్పులో సాధారణంగా అయోడిన్ కలపరు, ఇక్కడి వాళ్లకు అది పాలు, చేపల నుంచి వస్తుంది. పాలు తాగక, చేపలు తినక, ఇక్కడి ఉప్పు వాడే గర్భిణికి అయోడిన్ ఎక్కడి నుంచి వస్తుంది? బిడ్డ మెదడు ఎదగడానికి అది తప్పనిసరి. ఇండియన్ దుకాణంలో మన అయోడిన్ ఉప్పే దొరుకుతుంది, ప్యాకెట్ మీద చూసి కొనమనండి. రోజూ ఒక గ్లాసు పాలో, పెరుగో తీసుకోమనండి.

ఎండ సంగతి. మన హనుమకొండ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే బర్మింగ్‌హామ్ 52 డిగ్రీల పైన ఉన్నది. అక్టోబరు నుంచి మార్చి తొలి రోజుల దాకా ఇక్కడి ఎండకు చర్మంలో విటమిన్ డి తయారు కాదు. ఆ నెలల్లో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు తీసుకోవడం మంచిదని ఇక్కడి ఆరోగ్య శాఖ చెప్తుంది. మనలాంటి చామనఛాయ వాళ్లు ఏడాది పొడవునా తీసుకోవాలంటారు. గర్భిణులకు అమ్మే మాత్రల్లో అది ఉంటుంది, మీ అమ్మాయి వేసుకుంటున్నదేమో అడగండి. మరొక సంగతి: ఇంగ్లండులో గర్భిణికి, కాన్పు తర్వాత ఏడాది దాకా డాక్టరు రాసిన మందులు ఉచితం. దానికి ఒక సర్టిఫికెట్ ఉంటుంది, మిడ్‌వైఫ్‌ను అడిగితే ఇప్పిస్తుంది.

ఇక ఆకుకూర. బర్మింగ్‌హామ్‌లో పంజాబీ వాళ్ల దుకాణాల్లో మెంతికూర, పాలకూర, అప్పుడప్పుడు తోటకూర దొరుకుతాయి. పుంటికూర ఎప్పుడో ఒకసారి వస్తుంది. చలికి బయటికి వెళ్లలేని రోజుల కోసం ఫ్రీజర్‌లో కిలో పాలకూర సంచి ఉండాలి. నేను చేసేది చెప్తాను: కుక్కర్‌లో కందిపప్పు, రెండు పిడికిళ్ల పాలకూర, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి మూడు విజిల్స్ రానిచ్చి, దించాక ఒక నిమ్మకాయ పిండుతాను. పదిహేను నిమిషాల పని. కేల్ అని ముదురాకుపచ్చ ముడతల ఆకు ఇక్కడ అన్నిచోట్లా దొరుకుతుంది, దాన్ని సన్నగా తరిగి పప్పులో వేస్తే మునగాకులా ఉంటుంది. పాలకూరలోని కాల్షియం మన ఒంటికి సరిగ్గా అందదని, కేల్‌లోది అందుతుందని మా మిడ్‌వైఫ్ చెప్పాక నేను రెండూ కలిపి వండుతున్నాను.

పిండ్లు మోయించకండి. జువార్ అని అడిగితే జొన్నపిండి, బాజ్రా అంటే సజ్జపిండి, రాగి అంటే తైదపిండి ఇస్తారు. నెయ్యి, మటన్ తొక్కు, పాలకోవా అసలే పంపకండి. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేవడాన్ని ఇక్కడ అనుమతించరు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఆ బరువులో నువ్వులపొడి, అవిసెపొడి, పల్లిపొడి, కరివేపాకు పొడి పంపండి. నువ్వులపొడి ఒక చెంచా అన్నంలో కలుపుకుంటే ఆ పూట ఆకలి తీరినట్టు ఉంటుంది, ఆ పొడి వల్ల షుగర్ కూడా పెద్దగా పెరగదు.

నాకు మొదటి కాన్పులో ఇదే షుగర్ వచ్చింది. కాన్పు కాగానే అంకెలు మామూలుగా వచ్చాయి, ఇక పోయిందనుకున్నాను. నిజానికి ఆరు నుంచి పదమూడు వారాల మధ్య మళ్లీ పరగడుపు పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత ఏటా ఒకసారి చూపించుకోవాలి. నేను వెళ్లే క్లినిక్ వాళ్లు పిలవలేదు, నాకు అడగాలని తెలియదు. నాలుగేళ్లకు ఒళ్లు తూలి వెళ్తే అసలు షుగరే ఉన్నదన్నారు. మీ అమ్మాయికి ఈ తేదీని ఇప్పుడే క్యాలెండరులో రాసి పెట్టమనండి.

జవాబు: జగిత్యాల నుంచి

టీచరమ్మా, నేను కువైట్‌లో ఇంటిపని చేసి ఆరేళ్లకు తిరిగి వచ్చినదాన్ని. మీ అమ్మాయికీ నాకూ పోలిక లేదు గాని, తిండి దగ్గర వచ్చిన చిక్కు మాత్రం అదే. అక్కడి చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు తిండి, బస యజమానులే ఇవ్వాలి. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టంలో వారానికొక రోజు సెలవు కూడా రాసి ఉన్నది. నేనున్న ఇంట్లో తిండికి కరువు లేదు, తినే వేళే లేదు. వాళ్లంతా తిన్నాక, గిన్నెలు తోమాక, రాత్రి పదకొండింటికి వంటగది గట్టు మీద నిలబడి మిగిలిన అన్నం, ఖుబ్బూస్ అనే అక్కడి రొట్టె తినేదాన్ని. పగలంతా చక్కెర వేసిన చాయ మీద బతికేదాన్ని. అంత ఎండ ఉన్న దేశంలో నాకు విటమిన్ డి తక్కువైందంటే ఎవరూ నమ్మలేదు, కాని ఆరేళ్లలో నేను ఎండలో నిలబడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చివరి రెండేళ్లు పక్కింట్లో పనిచేసే కడప అక్క లబన్ తాగడం నేర్పింది, అది మన సల్లలాంటిదే, చవక. చాయ బదులు అది తాగితే కొంత తేరుకున్నాను.

మీ అమ్మాయిని ఏం తిన్నవని ఒక్కటే అడగకండి. ఏ వేళకు తిన్నవు, కూర్చొని తిన్నవా, ఎవరితో తిన్నవు అని కూడా అడగండి.

జవాబు: అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట వైపు

పై చెల్లె చెప్పినది నేను రోజూ కళ్లారా చూస్తున్నాను. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి మా సెంటరులో గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నాం. అక్కడే కూర్చొని తినాలన్నది నియమం. ఇంటికి పట్టుకుపోతే ఆ గుడ్డు పిల్లల పళ్లెంలోకో, మామ పళ్లెంలోకో పోతుందని పెట్టిన నియమమది. అయితే నలుగురు కలిసి కూర్చుంటే, ఇంట్లో ముద్ద దిగడం లేదన్న పిల్ల కూడా మారు అన్నం అడుగుతుంది. మీ అమ్మాయి మధ్యాహ్నం తినే వేళకు మీకు సాయంత్రం అవుతుంది. ఆ వేళకు రోజూ వీడియో పెట్టి, మీరు మీ చాయ, అటుకులు ముందు పెట్టుకొని కూర్చోండి.

మీరు కాన్పుకు వెళ్తానన్నారు కాబట్టి పత్యం గురించి కూడా చెప్పాలి. మన వైపు బాలింతకు నెలల తరబడి ఎల్లిపాయ కారం, వేడన్నం తప్ప కూరగాయలు పెట్టరు, నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీళ్లు, ఎక్కువ తిండి కావాలి. రక్తం తక్కువగా ఉండి కాన్పయిన పిల్లకు ఆకుకూర మాన్పిస్తే ఆమె కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఎల్లిపాయ కారం పెట్టండి, దానితో పాటు పప్పు, గుడ్డు, ఆకుకూర కూడా పెట్టండి. బాలింత కాయంలో బెల్లం, నెయ్యి దండిగా ఉంటాయి, షుగర్ పరీక్ష మళ్లీ చేయించి బాగున్నదని తేలేదాకా దాన్ని పక్కన పెట్టండి. శనివారం ఒక్కపొద్దులు ఉండే అలవాటు ఉంటే ఈ నెలల్లో అవి కూడా వద్దు.

హనుమకొండ టీచర్

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ఒక్కపొద్దు మాట రాగానే ఫోనులో చప్పుడు లేదు. అడిగితే, కాన్పు సుఖంగా కావాలని తొమ్మిది శనివారాలు మొక్కుకున్నానని, ఐదు అయ్యాయని చెప్పింది. మిగిలిన నాలుగు ఆమె పేరు మీద నేను ఉంటానని మాటిచ్చాను.

నెయ్యి, మటన్ తొక్కు, ఎర్ర మాత్రలు సంచిలోంచి తీసేశాను. తైదపిండి కూడా తీసేశాను. నువ్వులు, అవిసెలు వేయించి దంచడానికి రేపు కుమార్‌పల్లి అంగడికి వెళ్తున్నాను. ఇవాళ వాళ్ల మధ్యాహ్నం వేళకు వీడియో పెడితే, నూటయాభై గ్రాముల అన్నం కాటా మీద తూచి చూపించింది. మా ఇంట్లో పెద్ద గరిటెతో రెండు గరిటెలంత ఉన్నది. పాలకూర పప్పు, రెండు ఉడికిన గుడ్లు, ఉల్లిగడ్డ ముక్కలు పక్కన పెట్టుకున్నది. తిన్న గంటకు 7.1 వచ్చిందని మెసేజ్ పెట్టింది.

లెస్టర్ అమ్మాయి గారికి ఒక ప్రశ్న. పుట్టబోయే బిడ్డకు కూడా అక్కడ విటమిన్ డి చుక్కలు వేస్తారా?

జనగామ ఆడబిడ్డ, లెస్టర్

వేస్తారు టీచరమ్మా. తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టినప్పటి నుంచి రోజుకు 8.5 నుంచి 10 మైక్రోగ్రాములు వేయమంటారు. డబ్బా పాలు రోజుకు అరలీటరు దాటి తాగే బిడ్డకు అవసరం లేదు, ఆ పాలలోనే కలిపి ఉంటుంది. మీరు ఇక్కడికి వచ్చాక ఒక ఆదివారం మా ఇంటికి రండి, బర్మింగ్‌హామ్ నుంచి రైలులో గంట ప్రయాణం. మొన్ననే మా దుకాణానికి పుంటికూర వచ్చింది, నాలుగు కట్టలు తెచ్చి తరిగి ఫ్రీజర్‌లో దాచాను.